‘మీరెలా అంటే అలా సార్’ అనే టీమ్ చేత నోరు విప్పించడం ఎలా?

కొత్త ఆలోచనలు చెప్పమని టీమ్‌ని అడుగుతాం. గదంతా నిశ్శబ్దం. చివరికి ఎవరో ఒకరు "మీరెలా అంటే అలా సార్" అంటారు. నేను టీమ్ లీడ్ అయిన కొత్తలో ఆ మాట విని, నా ప్లాన్ అందరికీ నచ్చేసిందనుకున్నాను. పై అధికారి మనసులో ఏముందో తెలియకుండా నోరు జారడమెందుకని వాళ్లు ఆగారని అర్థం కావడానికి ఏడాది పట్టింది.

1. ముందు కుర్చీలు చూడండి
పిక్సార్ యానిమేషన్ స్టూడియోలో ఏళ్ల తరబడి మీటింగులన్నీ ఒక పొడవాటి బల్ల దగ్గర జరిగేవి. దర్శకుడు, నిర్మాత, పెద్దలు మధ్యలో కూర్చునేవారు. ఎవరెక్కడ కూర్చోవాలో పేర్ల కార్డులు కూడా ఉండేవి. కొసల్లో ఉన్నవాళ్లకు మాట కలిపే వీలే చిక్కేది కాదు. సహవ్యవస్థాపకుడు ఎడ్ క్యాట్‌మల్‌ది మధ్య కుర్చీ. తనకు అంతా బాగానే వినపడేది కాబట్టి చాలాకాలం ఆయనకీ తేడా తెలియలేదు. తెలిశాక బల్ల మార్పించారు. మీ గదిలోనూ ఒక్కసారి చివరి కుర్చీలో కూర్చుని చూడండి.

2. మాటకన్నా ముందు చీటీ
సమస్యను ఒక్క వాక్యంలో ముందురోజే పంపండి. మీటింగ్ మొదట్లో అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా, పేరు రాయకుండా రెండేసి ఆలోచనలు రాయమనండి. చీటీలు కలిపేసి చదవండి.

3. మీరు ఆఖర్న మాట్లాడండి
అన్నిటికన్నా కష్టమైంది ఇదే. అందరికన్నా కొత్తగా చేరినవాళ్లతో మొదలుపెట్టండి. "ఇది ఇదివరకే చూశాం" అన్న ఒక్క మాట చాలు, ఆ పూటకి ఇంకెవరూ నోరెత్తరు. మొహం చిట్లించినా అంతే. "ఇంకాస్త వివరంగా చెప్పండి" అని ఆగండి.

4. నిర్ణయం ఎవరిదో ముందే చెప్పండి
సలహా అందరిదీ, నిర్ణయం ఒకరిది. హోదా అవసరమయ్యేది ఇక్కడే. వద్దనుకున్న ఆలోచనకు కారణం ఆ రోజే చెప్పండి.

5. తప్పు జరిగితే మీరు ముందు నిలబడండి
1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో ఎస్‌ఎల్‌వి-3 తొలి ప్రయోగం విఫలమైంది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. అయినా విలేకరుల ముందుకు ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ వెళ్లి బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జూలై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది. ఆ రోజు విలేకరులతో మాట్లాడమని కలాంనే పంపారు. ఏడాది తిరక్కుండా ఆ టీమ్ మళ్లీ ధైర్యంగా ప్రయోగానికి దిగిందంటే, ధావన్ నిలబడిన తీరుకు అందులో పెద్ద పాత్రే ఉందని నా నమ్మకం.

ఈసారి ప్రాజెక్టు దెబ్బతింటే క్లయింట్‌కు సంజాయిషీ మెయిల్ మీ పేరుతో వెళ్లాలి. గట్టెక్కితే, చీటీ మీద ఆ ఆలోచన రాసిందెవరో కనుక్కుని ప్రెజెంటేషన్ వాళ్ల చేతే ఇప్పించండి.