శుక్రవారం రాత్రి పాలమూరు, శనివారం పొద్దున బ్యాంకాక్: దోస్తులతో రెండు రోజుల టూర్ వేసుకునే పద్ధతి

మహబూబ్‌నగర్, నల్లగొండ పిల్లలకు విదేశం అనగానే అమెరికా గుర్తొస్తుంది. రెండు రోజుల సెలవులో చూసి రాగలిగిన విదేశం మాత్రం శంషాబాద్ నుంచి మూడున్నర గంటల ప్రయాణంలోనే ఉంది. శుక్రవారం క్లాసులయ్యాక నలుగురు దోస్తులు కలిసి బయలుదేరితే సోమవారం మళ్ళీ కాలేజీలో ఉండొచ్చు. ఈ టూర్‌లో డబ్బు కన్నా కొరత టైముకే. శనివారం పొద్దున 6కి దిగి ఆదివారం సాయంత్రం 6కి మళ్ళీ ఎయిర్‌పోర్టు దారి పట్టాలి. చేతిలో ఉండేవి 36 గంటలు, అందులో నిద్ర పోగా మిగిలేది ఇంకా తక్కువ. ఆ గంటలు పోయేది కాగితాల దగ్గర, శుక్రవారం రాత్రి దారిలో, బ్యాంకాక్ ట్రాఫిక్‌లో. ఈ మూడు చోట్లా జాగ్రత్తపడితే మిగతాదంతా హాయిగా గడుస్తుంది.

పాస్‌పోర్టు, పేరు

పాస్‌పోర్టు లేనివాళ్ళు కనీసం రెండు నెలల ముందు అప్లై చేయాలి. మహబూబ్‌నగర్, నల్లగొండ పోస్టాఫీసుల్లోనే పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి, సికింద్రాబాద్ దాకా పోనక్కర్లేదు. మామూలు ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్‌కు ఇంకో 2,000. ప్రస్తుత అడ్రస్ అని ఏది రాస్తే పోలీసు ఎంక్వైరీ అక్కడికే వస్తుంది. హాస్టల్ అడ్రస్ రాసి సెలవులకు ఊరికి పోతే ఎంక్వైరీ ఆగిపోతుంది. పదో తరగతి మెమో తప్పక జతచేయండి. అది లేకపోతే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర పడొచ్చు, అంటే కొన్ని దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే మన సర్కారు క్లియరెన్స్ కావాలన్న గుర్తు. అలాంటి 18 దేశాల జాబితాలో థాయిలాండ్ కూడా ఉంది. టూరిస్టుగా పోయేవాళ్ళకు క్లియరెన్స్ అక్కర్లేకపోయినా, ముద్ర ఉంటే కౌంటర్ దగ్గర ప్రశ్నలు పెరుగుతాయి. ఇంతకుముందే తీసుకున్న పాస్‌పోర్టయితే ప్రయాణం నాటికి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

ఎక్కువమంది దెబ్బతినేది పేరు దగ్గర. మన దగ్గర మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు రెండో గడిలో పడుతుంది. టికెట్ బుక్ చేసేటప్పుడు ఆధార్ చూసి టైప్ చేయొద్దు. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణాల గుర్తులతో రెండు లైన్లుంటాయి. పై లైనులో దేశం కోడ్ తర్వాత వచ్చేది ఇంటిపేరు, రెండు బాణాల గుర్తులు దాటాక వచ్చేది అసలు పేరు. టికెట్ మీద స్పెల్లింగ్ అచ్చం అలాగే ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళు ఏం రాయాలో ఎయిర్‌లైన్‌ను బట్టి మారుతుంది, బుక్ చేసే ముందే వాళ్ళ సైటులో చూడండి. నలుగురి టికెట్లు ఒకరే కొంటుంటే పాస్‌పోర్టు ఫొటోలు గ్రూపులో పెట్టించుకోండి, ఫోన్లో పేర్లు చెప్పించుకుని కొట్టొద్దు. తర్వాత సరిచేయాలంటే డబ్బు కట్టాల్సి వస్తుంది, ఒక్కోసారి టికెట్టే కొత్తగా కొనాల్సి వస్తుంది.

2023 నవంబర్‌లో థాయిలాండ్ మనవాళ్ళకు టూరిస్టు వీసా ఎత్తేసింది. ఈ నియమాలను అక్కడి సర్కారు మారుస్తూ ఉంటుంది కాబట్టి టికెట్ కొనే రోజున థాయి ఎంబసీ సైటు చూసుకున్నాకే డబ్బు కట్టండి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు, అంటే మన రాక వివరాల ఆన్‌లైన్ ఫారం కూడా నింపాలి. దిగే రోజుకు మూడు రోజుల లోపే అది తెరుచుకుంటుంది, పూర్తిగా ఉచితం. గూగుల్‌లో పైన కనిపించే కొన్ని సైట్లు దానికే డబ్బు అడుగుతాయి. అసలు సైటు చిరునామా చివర గో డాట్ టీహెచ్ అని ఉంటుంది. ఒక్కొక్కరూ విడిగా నింపి, వచ్చిన క్యూఆర్ కోడ్‌ను ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి.

తేదీ తికమక

బ్యాంకాక్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక లేస్తాయి. టికెట్ మీద శనివారం 00:40 అని ఉంటే మీరు ఎయిర్‌పోర్టులో ఉండాల్సింది శుక్రవారం రాత్రి 9:40కి. "శనివారం కదా" అనుకుని శనివారం రాత్రి బ్యాగు సర్దుకునేవాళ్ళు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు, డబ్బు మొత్తం పోతుంది. టికెట్ రాగానే గ్రూపులో "శుక్రవారం రాత్రి 9:30, శంషాబాద్ డిపార్చర్ గేటు" అని రాసి పిన్ చేయండి.

పాలమూరు వాళ్ళకు ఎయిర్‌పోర్టు కలిసొచ్చే చోట ఉంది. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా వచ్చే హైదరాబాద్ బస్సెక్కి శంషాబాద్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోనో క్యాబో మాట్లాడుకోవచ్చు. నగరంలోకి పోయే పనే లేదు. కాచిగూడ పోయే రైలయితే శంషాబాద్ దగ్గరి ఉందానగర్ స్టేషన్లో ఆగేదేనా అని ముందు చూసుకోండి. నల్లగొండ వాళ్ళు ఎల్.బి. నగర్‌లో దిగి ఎయిర్‌పోర్టుకు పోయే పుష్పక్ బస్సు అందుకోవచ్చు. శుక్రవారం సాయంత్రం చౌటుప్పల్ దాటాక విజయవాడ హైవే ఎలా ఉంటుందో తెలిసిందే, ఒక గంట అదనంగా వేసుకోండి. నలుగురుంటే నల్లగొండ నుంచి నేరుగా క్యాబ్ మాట్లాడుకుని ఔటర్ రింగు రోడ్డు మీదుగా పోవడమే నయం. కౌంటర్ విమానం లేవడానికి కనీసం గంట ముందే మూసేస్తారు, ఆ తర్వాత బతిమాలినా లాభం లేదు.

మన ఇమిగ్రేషన్ ఆఫీసర్లు కుర్రవాళ్ళను కాస్త ఎక్కువే అడుగుతారు. దానికి కారణముంది. ఉద్యోగమని చెప్పి బ్యాంకాక్ దాకా తీసుకుపోయి, మేసోట్ సరిహద్దు దాటించి మయన్మార్‌లో సైబర్ మోసాల కేంద్రాలకు అప్పజెప్పిన కేసుల్లో తెలంగాణ పిల్లలూ ఉన్నారు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, కాలేజీ ఐడీ కార్డు చేతిలో పెట్టుకుని సూటిగా జవాబివ్వండి. మీ టికెట్ ఇంకెవరో ఉచితంగా కొనిస్తామంటే ఆ ప్రయాణం మానుకోండి. ఎవరిదైనా పార్సిల్ మోయమంటే తేల్చి వద్దనండి, చుట్టాలదైనా సరే.

బ్యాగు, డబ్బు

వీపున మోసే ఒక్క బ్యాగు, 7 కిలోల లోపు. చవక ఎయిర్‌లైన్లు చేతి బ్యాగును కూడా తూకం వేస్తాయి. పవర్ బ్యాంక్ మీతో ఉండే బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్ లగేజీలో పెడితే తీయిస్తారు. అమ్మ పెట్టిన మామిడికాయ పచ్చడి సెక్యూరిటీ దగ్గర ద్రవం కింద లెక్క, 100 మిల్లీలీటర్లు దాటితే చెత్తబుట్టలోకే. సకినాలు లాంటి పొడి సరుకే పెట్టమనండి.

అక్కడి డబ్బు బాట్. ఒక బాట్‌ను మూడు రూపాయలుగా లెక్కేస్తే మనసులో లెక్క తేలిగ్గా తేలుతుంది, అసలు రేటు కాస్త అటూఇటూగా ఉంటుంది. హాస్టల్ మంచం, తిండి, గుళ్ళ టికెట్లు, తిరగడం అన్నీ కలిపి మనిషికి 4,000 బాట్ల దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. విమానం టికెట్ వేరే. బయలుదేరే ముందే బ్యాంకు యాప్‌లో కార్డుకు విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేయాలి. మన సిమ్ తీసి ఇంట్లో పెట్టొద్దు, ఓటీపీ దానికే వస్తుంది. అక్కడి ఏటీఎంలు ఒక్కోసారి తీసినందుకు 200 బాట్లకు పైగా పట్టుకుంటాయి, అందుకని నలుగురికీ కావలసింది ఒకేసారి తీయండి. మెషిన్ "రూపాయల్లో కట్టాలా, బాట్లలోనా" అని అడిగితే బాట్లే నొక్కాలి. రూపాయలు నొక్కితే వాళ్ళు పెట్టిన రేటుకు కట్టాల్సి వస్తుంది. నగదు మార్చేవాళ్ళు సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో బయటికొచ్చే హాలు కౌంటర్లను వదిలి కింద బేస్‌మెంట్‌కు దిగండి, సిటీ రైలు ఎక్కే చోటు పక్కనున్న కౌంటర్లలో రేటు మెరుగు.

శనివారం

గడియారం గంటన్నర ముందుకు జరపండి. సువర్ణభూమి నుంచి రోడ్డు మీద రాకండి. ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ ఎక్కి మక్కసన్‌లో దిగి, నడక వంతెన మీదుగా పెట్చబురి మెట్రోకు మారితే బ్లూ లైన్ నేరుగా పాత బ్యాంకాక్‌కు తీసుకుపోతుంది. ఆ మెట్రోలో కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డే టికెట్. బస కూడా ఆ లైను మీదే వాట్ మంగ్‌కోన్, సామ్ యోట్ స్టేషన్ల చుట్టుపక్కల చూసుకోండి. గుళ్ళన్నీ దగ్గర, మనవాళ్ళ పహురాత్ బజారు నడిచిపోయే దూరం. గది మధ్యాహ్నం గానీ ఇవ్వరు, బ్యాగులు మాత్రం పెట్టుకోనిస్తారు. మొహం కడుక్కుని బయటపడండి.

మొదట గ్రాండ్ ప్యాలెస్. టికెట్ 500 బాట్లు, పొద్దున 8:30 నుంచి మధ్యాహ్నం 3:30 వరకే ఇస్తారు. నిక్కర్లు, చినిగిన జీన్స్, స్లీవ్‌లెస్, లెగ్గింగ్స్ రానివ్వరు. పైన చున్నీ కప్పుకున్నా ఒప్పుకోరని అనుకునే పోవాలి. అమ్మాయిలకు చుడీదార్, అబ్బాయిలకు మామూలు ప్యాంటు, అందరికీ చటుక్కున విప్పే చెప్పులు. గేటు దగ్గర ఒకాయన మర్యాదగా వచ్చి "ఈరోజు పండగ, ప్యాలెస్ మూసేశారు, 20 బాట్లకు టుక్‌టుక్‌లో వేరే గుడి చూపిస్తా" అంటాడు. నమ్మొద్దు. ఆ టుక్‌టుక్ ఆటో రాళ్ళ నగల కొట్టుకు, సూట్లు కుట్టే కొట్టుకు పోతుంది, మీ సగం రోజు అక్కడే పోతుంది.

లోపల మనవాళ్ళు నిలబడి చూడాల్సింది మరకత బుద్ధుడి గుడి చుట్టూ ఉన్న వరండా గోడలు. 178 చిత్రాల్లో రామాయణం మొత్తం ఉంది, వాళ్ళు రామకియెన్ అంటారు. ఉత్తరం గేటు దగ్గర మొదలుపెట్టి వరసగా నడవండి. థోసకన్ అంటే దశకంఠుడు, మన రావణుడే. హనుమంతుడు తెల్లగా ఉంటాడు, బ్రహ్మచారి కూడా కాడు. వారధి కట్టేటప్పుడు రాళ్ళు లాగేస్తున్న రావణుడి కూతురు, మత్స్యకన్య సువన్నమచ్ఛను పెళ్ళాడతాడు. కథ తెలిసిన కళ్ళకు ఇక్కడ గంట సేపు చాలదు. గర్భాలయంలో ఫొటోలు వద్దు, కూర్చుంటే కాళ్ళు విగ్రహం వైపు చాపకుండా వెనక్కి ముడుచుకోవాలి. రాజకుటుంబం మీద జోకులు, వీడియోల్లో వెకిలి మాటలు అసలొద్దు, అక్కడ దానికి జైలుంది.

అక్కడి నుంచి పది, పదిహేను నిమిషాలు నడిస్తే వాట్ ఫో గుడి, టికెట్ 300 బాట్లు. పడుకున్న బుద్ధుడి పొడవు 46 మీటర్లు. అందరూ ముఖం దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు, మీరు అటు చివర పాదాల దాకా పొండి. అరికాళ్ళ నిండా ముత్యపు చిప్పతో పొదిగిన 108 మంగళ చిహ్నాలున్నాయి. నాగార్జునకొండలో దొరికిన రాతి బుద్ధపాదాల మీది చక్రం గుర్తున్నవాళ్ళకు ఇది ఎక్కడి సంప్రదాయమో వెంటనే తెలిసిపోతుంది. అందుకే నల్లగొండ పిల్లలు ఈ టూర్‌కు ముందు ఒక ఆదివారం లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియం చూసి రావడం మంచిది. అక్కడ చూసింది ఇక్కడ పనికొస్తుంది.

సాయంత్రం తా తియెన్ రేవు నుంచి 5 బాట్ల పడవలో నది దాటితే వాట్ అరుణ్, 200 బాట్లు. నది వెంట పోవాలంటే నారింజ జెండా బోటు 16 బాట్లే. రేవులో ముందు పిలిచి అమ్మేది నీలం జెండా టూరిస్టు బోటు, ఖరీదెక్కువ. రాత్రికి చైనాటౌన్‌లోని యావరాత్ వీధిలో తిండి.

తిండి సంగతి ముందే తెలుసుకోవాలి. ము అంటే పంది, నువా అంటే గొడ్డు, గై అంటే కోడి. శాకాహారులకు కూరగాయల వేపుడులో కూడా చేపల సాసు పడుతుంది, "కిన్ జే" అని చెప్పాలి, పసుపు జెండా మీద ఎర్ర అక్షరమున్న కొట్లు చూడాలి. ముస్లిం దోస్తులు హలాల్ గుర్తున్న బండ్లు వెతుక్కోవచ్చు. ఏదీ కుదరకపోతే పహురాత్‌లో రొట్టె, పప్పు దొరుకుతాయి.

ఆదివారం, తిరుగు దారి

రెండిట్లో ఒకటే పెట్టుకోండి. అయుత్తయ బ్యాంకాక్‌కు దాదాపు 80 కిలోమీటర్లు, పేరు అయోధ్య నుంచే వచ్చింది. 1767లో బర్మా సైన్యం తగలబెట్టిన రాజధాని శిథిలాలు అవి. వాట్ మహథాత్‌లో చెట్టు వేళ్ళు చుట్టుకున్న బుద్ధుడి తల దగ్గర ఫొటో దిగేటప్పుడు ఆ తల కన్నా కిందికి కూర్చోవాలి. ఆర్డినరీ రైలు చాలా చవక, కానీ ఆలస్యమవుతుంది. తిరుగు విమానం బ్యాంకాక్ రెండో ఎయిర్‌పోర్టు డాన్ మ్యుయాంగ్ నుంచి ఉంటే మాత్రమే ఈ ప్లాను బాగుంటుంది. అయుత్తయ రైళ్ళు ఆ దారినే వస్తాయి, స్టేషన్లో దిగి వంతెన దాటితే ఎయిర్‌పోర్టే. మధ్యాహ్నం 3కల్లా అయుత్తయ వదలాలి. బ్యాగులు వీపున మోయలేనివాళ్ళు దీని జోలికి పోవద్దు.

లేదంటే చతుచక్ సంత, శని ఆదివారాల్లో పొద్దున 9 నుంచి సాయంత్రం 6 వరకు. కంఫెంగ్ ఫెట్ మెట్రోలో దిగితే నేరుగా లోపలికే. ఎండ ముదరకముందే పని ముగించండి. దగ్గరలోని మో చిట్ నుంచి డాన్ మ్యుయాంగ్‌కు ఏ1 బస్సు 30 బాట్లు. టికెట్ ఏ ఎయిర్‌పోర్టు నుంచో మరోసారి చూసుకోండి. రెండూ ఊరికి చెరో వైపు, ఒకదానికి పోయి ఇంకోదానికి పరుగెత్తితే విమానం దొరకదు.

వేప్ (ఈ-సిగరెట్) థాయిలాండ్‌లోనూ నేరమే, ఇండియాలోనూ నిషేధమే. గంజాయి కలిపిన చాక్లెట్లు, జెల్లీలు ఎవరి బ్యాగులోనూ ఉండొద్దు, శంషాబాద్‌లో దొరికితే మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద కేసు. ఏదైనా ఇబ్బంది వస్తే టూరిస్టు పోలీసు నంబరు 1155.

రాత్రి 10 ప్రాంతంలో లేచే విమానమైతే గంటన్నర తేడా కలిసొచ్చి అర్ధరాత్రి దాటాక శంషాబాద్‌లో దిగుతారు. ఆ వేళ క్యాబ్ రేటు చూసి దడుచుకోవద్దు, టెర్మినల్లోనే కాసేపు నడుం వాల్చండి. తెల్లవారుజామున పాలమూరు వాళ్ళు శంషాబాద్ లేదా ఆరాంఘర్ దగ్గర, నల్లగొండ వాళ్ళు ఎల్.బి. నగర్‌లో ఊరి బస్సు అందుకోవచ్చు. సోమవారం మొదటి పీరియడ్‌లో ల్యాబ్ గానీ ఇంటర్నల్ గానీ ఉన్న వారం ఈ టూర్ పెట్టుకోకండి.