సీజన్‌లో మొదటిసారి రిమోట్ కంట్రోల్ గ్యాస్ (పెట్రోలు) బోటు నీళ్లలో దించే ముందు

పోయిన అక్టోబరులో, ఇక్కడ అమెరికాలో మా రిమోట్ బోట్ల క్లబ్బు ఆఖరి రేసు రోజున, ఒక కాటమరాన్ (పక్కపక్కన రెండు పొట్టలున్న బోటు) మలుపు దగ్గర తిరగకుండా నేరుగా ఒడ్డుకు వచ్చేసింది. గడ్డి మీదుగా జారి ఒక మడత కుర్చీని ఎగరగొట్టింది. ఆ కుర్చీలో కూర్చున్న పెద్దాయన అప్పుడే కాఫీ కోసం లేచి వెళ్లారు. బోటు యజమాని చేతిలోని ట్రాన్స్‌మిటర్ (రిమోట్) ట్రిగ్గర్ ఎప్పుడో వదిలేశాడు. అయినా బోటు బోర్లా పడి అరుస్తూనే ఉంది, ప్రొపెల్లర్ గాలిలో తిరుగుతూనే ఉంది. చివరికి ఒకాయన కార్బురేటర్ మూతికి గుడ్డ అడ్డుపెట్టి ఇంజను ఆపాడు.

ఆ సాయంత్రం మూత విప్పి చూశాం. హల్ (బోటు డొల్ల) సెట్టింగులో తప్పేమీ లేదు. బరువు, స్ట్రట్ (వెనక ప్రొపెల్లర్ షాఫ్టును పట్టి ఉంచే భాగం) అన్నీ చక్కగా ఉన్నాయి. తప్పంతా ఫెయిల్‌సేఫ్‌లో, అంటే సిగ్నల్ పోతే థ్రాటిల్‌ను మూసేయాల్సిన ఏర్పాటులో ఉంది. బరువు సర్దడానికి అతను రేడియో బాక్సును వెనక్కి జరిపాడు. థ్రాటిల్ రాడ్డు అందక, దాన్ని సర్వో (థ్రాటిల్‌ను కదిపే చిన్న మోటారు) కొమ్ముకు అవతలి వైపు తగిలించాడు. సర్వో ఎదురు తిరుగుతోంది కాబట్టి ట్రాన్స్‌మిటర్‌లో రివర్స్ నొక్కాడు. ట్రిగ్గర్‌కు అంతా సరిగ్గానే పలికింది. కానీ బోటులోని రిసీవరు ఫెయిల్‌సేఫ్ కోసం గుర్తుపెట్టుకున్నది సర్వో పాత స్థానం. ఒకప్పుడు థ్రాటిల్ మూసిన ఆ స్థానమే ఇప్పుడు పూర్తిగా తెరుస్తుంది. సిగ్నల్ పోయిన క్షణంలో బోటు తనంతట తానే ఫుల్ స్పీడ్ అందుకుంది.

ఇదే తప్పు నేను చూడటం ఇది మూడోసారి. అందుకే రాస్తున్నాను.

మనం ఎక్కువగా వాడే జెనోవా జీ260 రకం ఇంజను 25.4 సీసీ. పెట్రోలుతో నడిచే బోటు 8 నుంచి 10 కిలోలు తూగుతుంది. గంటకు 60 మైళ్ల వేగంలో సెకనుకు 27 మీటర్లు దూసుకుపోతుంది. పైగా ఈ ఇంజను నిప్పురవ్వకు బ్యాటరీ అక్కర్లేదు, ఫ్లైవీల్‌లో ఉన్న అయస్కాంతమే పుట్టిస్తుంది. అంటే రిసీవరు బ్యాటరీ చచ్చినా ఇంజను చావదు. కరెంటే లేనప్పుడు ఫెయిల్‌సేఫ్ కూడా పనిచేయదు, సర్వో ఉన్నచోటే బిగుసుకుంటుంది. కార్బురేటర్ స్ప్రింగు లాగేస్తుందిలే అనుకోకండి. చాలా సర్వోల గేర్లను ఆ స్ప్రింగు కదిలించలేదు.

పరీక్ష ఇలా

ప్రొపెల్లర్ తీసేయండి. ఇంజను ఆపి ఉంచండి. కార్బురేటర్ లోపలి పళ్లెం (థ్రాటిల్‌ను తెరిచి మూసేది) కళ్లకు కనిపించాలి. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి, అలాగే పట్టుకుని ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేయండి. పళ్లెం పూర్తిగా మూసుకోవాలి. తర్వాత ట్రాన్స్‌మిటర్ మళ్లీ ఆన్ చేసి, ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి పట్టుకుని రిసీవరు బ్యాటరీ వైరు పీకి చూడండి. పళ్లెం తెరిచే ఉండిపోతే, రిసీవరు కరెంటు పోయినా ఇంజనును ఆపేసే రకం కిల్ స్విచ్ కొనాల్సిందే. ఖరీదని వెనకాడకండి.

హల్‌లో దేన్ని కదిలించినా ఈ పరీక్ష మళ్లీ మొదటినుంచి చేయాలి. సర్వో మార్చినా, రాడ్డు మార్చినా, రిసీవరును ట్రాన్స్‌మిటర్‌తో కొత్తగా బైండ్ (జత) చేసినా అంతే.

హల్

అడుగు మీద స్టీలు స్కేలు పెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. చలికాలమంతా స్టాండు మీద ఒకే చోట ఆనిన హల్ అక్కడ గుంట పడొచ్చు. స్ట్రట్‌ను ముందు అడుగుకు సమాంతరంగా, సున్నా డిగ్రీల దగ్గర పెట్టి మొదలుపెట్టండి. నీళ్లలో చూశాక కొద్దికొద్దిగా మార్చుకోవచ్చు. మన రేసులు గడియారం తిరిగే దిక్కున జరుగుతాయి కాబట్టి టర్న్ ఫిన్ (మలుపులో బోటు పక్కకు జారకుండా పట్టే రెక్క) కుడి వైపు ఉంటుంది. మలుపులో బోటు బరువంతా దాని మీదే పడుతుంది, దాని బోల్టులు తప్పకుండా చూడండి. ఫ్లెక్స్ కేబుల్ (ఇంజను నుంచి ప్రొపెల్లర్‌ను తిప్పే వంగే తీగ) లోడు పడ్డప్పుడు మెలిపడి పొట్టిదవుతుంది. అందుకే స్ట్రట్‌కీ డ్రైవ్ డాగ్‌కీ (ప్రొపెల్లర్‌ను పట్టి తిప్పే ముక్క) మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల సందు వదలాలి. కార్బన్ ఫైబర్ హల్ 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను అడ్డుకుంటుంది, నీళ్లూ అంతే. యాంటెన్నా హల్ పైకి, గాలిలోకి రావాలి. అది లోపల చుట్టచుట్టుకుని ఉంటే సిగ్నల్ పోవచ్చు, ఫెయిల్‌సేఫ్ అవసరం పడేది అప్పుడే.

మిగతావి

బెరీలియం కాపర్ ప్రొపెల్లర్‌ను పొడిగా రుద్దకండి. ఆ ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. నీళ్లు పోస్తూ, మాస్కు వేసుకుని రుద్దండి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

పదునుపెట్టిన ప్రొపెల్లర్ బ్లేడే. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

గరాజ్ తలుపు మూసి ఇంజను స్టార్ట్ చేయొద్దు. సగం తెరిచి కూడా వద్దు.

హల్ నిండా నీళ్లు పట్టినా తేలేంత ఫోమ్ లోపల కూరండి.

ప్రొపెల్లర్ తిరుగుతుండగా బోటు వెనక ఎవరూ నిలబడకూడదు. ఫొటో కోసం కూడా.

ట్రాన్స్‌మిటర్ ముందు ఆన్, చివర ఆఫ్. ఈ వరుస తప్పొద్దు.

రిసీవరు బ్యాటరీ రాత్రే చార్జ్ చేయండి. పొద్దున వోల్టేజీ చూడండి.

బోటు చెరువు మధ్యలో ఆగిపోతే ఈదుకుంటూ వెళ్లొద్దు. ఏప్రిల్ నీళ్లు ఒడ్డున నిలబడ్డవాళ్లకు చల్లగా అనిపించవు, మునిగినవాళ్లకు ఊపిరే అందదు. లైఫ్ జాకెట్ వేసుకుని పడవలో వెళ్లండి. పడవ లేకపోతే గాలి ఒడ్డుకు తెచ్చేదాకా ఆగండి.

ఫెయిల్‌సేఫ్ చూశారా? నిన్న చూశాను అనకండి. ఇవాళ, ఈ ఒడ్డు మీద, దించే ముందు చూడండి.

పక్కవాడి బోటు కూడా చూడండి. మొహమాటపడకుండా అడగండి. "ట్రాన్స్‌మిటర్ ఒకసారి ఆఫ్ చేసి చూపించు తమ్ముడూ" అని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా పర్వాలేదు, చూపించేదాకా ఆ బోటును నీళ్లలోకి పోనివ్వకండి.