మిర్చి లోడు ఎత్తే ముందు ఈ జాగ్రత్తలు చూసుకోండి

ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే పల్నాడు నుంచి గుంటూరు యార్డుకు వచ్చే దారుల నిండా టిక్కీల (మిర్చి బస్తాల) ట్రాక్టర్లే. ధాన్యంతో పోలిస్తే ఎండుమిర్చి తేలిక సరుకు. ఆ ధైర్యంతోనే వరస మీద వరస వేసేస్తారు. కానీ బండి తిరగబడటానికి బరువు కంటే ఎత్తే పెద్ద కారణం.

బండి, సరుకు కలిపి బరువంతా ఒకేచోట ఉన్నట్టు లెక్కవేసే బిందువు గురుత్వ కేంద్రం. అక్కడి నుంచి నిట్టనిలువుగా కిందికి గీసిన గీత రెండు చక్రాల మధ్య పడినంతసేపూ బరువే బండిని నిలబెడుతుంది. గీత పల్లపు వైపు చక్రాన్ని దాటిందంటే ఆ బరువే బండిని పడదోస్తుంది. చక్రాల మధ్య దూరం 1.6 మీటర్లు అనుకోండి. కేంద్రం 1.2 మీటర్ల ఎత్తులో ఉంటే సుమారు 34 డిగ్రీలు ఒరిగేదాకా తట్టుకుంటుంది. 2 మీటర్లకు చేరితే 22 డిగ్రీలకే పడుతుంది. ఇది కూడా ఆగి ఉన్న బండి లెక్క. టైరు అణిగినా, టిక్కీలు పక్కకు జరిగినా ఇంకా ముందే పడుతుంది.

మలుపులో స్పీడు రెట్టింపైతే బయటికి తోసే ప్రభావం నాలుగు రెట్లవుతుంది. అందుకే మలుపు రాకముందే నెమ్మదించాలి. తిరుగుతూ సడన్ బ్రేక్ అసలు వద్దు.

సాగర్ కాలువ కట్టల మీద నాకు భయమంతా అంచు మట్టితోనే. తడిసిన చోట ఒక చక్రం దిగబడితే చాలు, ఒరుగు మొదలవుతుంది. ఎదురు బండి వస్తే అంచుకు తీయకండి, మధ్యలోనే ఆగి మాట్లాడుకోండి.

ట్రాక్టర్ వెనక తగిలించే రెండు చక్రాల ట్రక్కులో బరువు ఇరుసుకు కాస్త ముందు ఉండాలి. వెనక ఎక్కువైతే ట్రాక్టర్‌కు తగిలించిన కొక్కెం పైకి లేచి ట్రాక్టర్ వెనక చక్రాలకు పట్టు పోతుంది. గోడకు ఇటుకలు పేర్చినట్టు, అతుకు మీద అతుకు రాకుండా టిక్కీలు వేయించండి. కొంత దూరం పోయాక సరుకు అణిగి తాళ్లు వదులవుతాయి, దిగి మళ్లీ బిగించండి.

బురదలో దిగబడిన బండిని లాగేటప్పుడు గొలుసును ట్రాక్టర్ కింది కొక్కేనికే కట్టాలి. ఇరుసు కంటే పైన కట్టి లాగితే ముందు చక్రాలు లేచి, ట్రాక్టర్ వెనక్కి తిరగబడి డ్రైవర్ మీదే పడుతుంది.

ఎంత బతిమాలినా టిక్కీల మీద కూలీలను ఎక్కించుకోవద్దు. వాళ్ల బరువు అన్నిటికంటే పైన పడుతుంది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఆటో ముందే మాట్లాడి, కిరాయి కోత ఖర్చులోనే కలపండి.