ఆయుష్మాన్ వయ వందన కార్డు: 70 ఏళ్లు నిండినవారు దరఖాస్తు చేసుకునే విధానం

డెబ్బై దాటినవారికి కొత్తగా ఆరోగ్య బీమా దొరకడం కష్టం. దొరికినా ప్రీమియం మోయలేనంత ఉంటుంది, పాత జబ్బులకు నిరీక్షణ కాలం పెడతారు. ఈ లోటు తీర్చడానికే కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరు 11న ఆస్పత్రి చికిత్స ఖర్చు భరించే ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనను 70 ఏళ్లు, ఆపైన వయసున్న వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా వర్తింపజేసింది. అదే ఏడాది అక్టోబరు 29న వయ వందన కార్డుల జారీ మొదలైంది. దేశంలోని మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు సొంత జేబులోంచి పెట్టే వాటా 2013–14లో 64.2 శాతం ఉండగా, 2021–22 నాటికి 39.4 శాతానికి దిగివచ్చిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. అయినా మిగిలినది చిన్న భారం కాదు. ఇంట్లో పెద్దవారు ఆస్పత్రి పాలైతే ఆ బరువు ఎంతో అనుభవించినవారికే తెలుసు. అందుకే అర్హత ఉన్న ప్రతి ఒక్కరూ, ఒంట్లో బాగున్నప్పుడే, ఈ కార్డు తీసుకుని ఉంచుకోవాలని నా విన్నపం.

అర్హతకు ప్రమాణం ఒక్కటే: ఆధార్‌లో నమోదైన పుట్టిన తేదీ ప్రకారం 70 ఏళ్లు నిండి ఉండాలి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు నగదు రహిత చికిత్స అందుతుంది. భార్యాభర్తలిద్దరూ 70 దాటినవారైతే ఆ మొత్తం ఇద్దరికీ కలిపి వర్తిస్తుందే గాని విడివిడిగా కాదు. కుటుంబం ఇప్పటికే ఈ పథకంలో ఉంటే, పాత 5 లక్షలకు అదనంగా పెద్దవారి కోసమే మరో 5 లక్షలు ఇస్తారు. ఈ అదనపు మొత్తాన్ని 70 లోపు కుటుంబ సభ్యులు వాడుకోవడానికి వీల్లేదు. ప్రైవేటు బీమా ఉన్నవారు, ఈఎస్ఐ పరిధిలో ఉన్నవారు కూడా అర్హులే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల సీజీహెచ్ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్, కేంద్ర సాయుధ పోలీసు బలగాల ఆయుష్మాన్ సీఏపీఎఫ్ ఆరోగ్య పథకాల లబ్ధిదారులు మాత్రం ఉన్న పథకంలో కొనసాగాలో, దాన్ని వదులుకుని ఇందులో చేరాలో తేల్చుకోవాలి. ఇది తొందరపడి చేయవలసిన ఎంపిక కాదు. ఉదాహరణకు, ఆస్పత్రిలో చేరకుండా బయట చూపించుకునే వైద్యానికి వయ వందన కార్డు పనిచేయదు. నెలనెలా డాక్టరుకు చూపించుకుని మందులు తెచ్చుకునేవారు ఈ ఒక్క సంగతిని బాగా ఆలోచించుకోవాలి.

కావలసిన పత్రం ఆధార్ ఒక్కటే, చిక్కులు వచ్చేదీ దానితోనే. ఫోన్ నంబరు మారినా ఆధార్‌లో పాతదే ఉండిపోతే ఓటీపీ ఎవరికో వెళుతుంది. పుట్టిన తేదీ తప్పుగా నమోదై 68 అని చూపిస్తే, ఊరంతా సాక్ష్యం చెప్పినా నమోదు జరగదు. కాబట్టి దరఖాస్తుకు ముందే ఆధార్ కేంద్రంలో ఈ రెండూ సరిచూసుకుని, అవసరమైతే సవరించుకోవడం మంచిది.

దరఖాస్తుకు రుసుము లేదు. ఫోన్‌లో ఆయుష్మాన్ యాప్ ద్వారా గాని, జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ వారి లబ్ధిదారుల పోర్టల్‌లో గాని ఇంటి నుంచే నమోదు చేసుకోవచ్చు. లబ్ధిదారుగా ఫోన్ నంబరుతో లాగిన్ అయ్యాక, 70 ఏళ్లు దాటినవారి నమోదుకు ఉద్దేశించిన విభాగాన్ని ఎంచుకుని, రాష్ట్రం పేరు, ఆధార్ నంబరు ఇవ్వాలి. ఈ-కేవైసీకి, అంటే ఆధార్ ద్వారా గుర్తింపు నిర్ధారణకు, సమ్మతి తెలిపి, ఇతర ప్రభుత్వ పథకాలకు సంబంధించిన స్వీయ ప్రకటన పూర్తి చేసి, ఫోటో తీసి, పిన్‌కోడ్, సామాజిక వర్గం, కుటుంబ సభ్యుల వివరాలు నింపి సమర్పించాలి. వివరాలు సరిపోలి ఆమోదం వచ్చాక కార్డును అక్కడి నుంచే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అర్హులైన ప్రతి ఒక్కరికీ వేరువేరు కార్డు ఉంటుంది.

మా బంధువుల్లో ఒక పెద్దావిడను నమోదుకు తీసుకెళ్లాను. ఏళ్ల తరబడి పొలం పనిలో అరిగిన వేళ్లు ఆమెవి. తడిగుడ్డతో తుడిచి, కొంగుతో ఒత్తుకుని, బొటనవేలు నుంచి చిటికెనవేలు దాకా పెట్టినా యంత్రం గుర్తించలేదు. తప్పు తనదే అన్నట్టు ఆమె చేతులు ఒడిలోకి లాక్కోవడం నేను మరచిపోలేను. వేలిముద్ర పడకపోతే అక్కడితో ఆగిపోనక్కర్లేదు: ఓటీపీ, కనుపాప, ముఖ గుర్తింపు అనే మార్గాలూ ఉన్నాయి. ఆమెకు చివరికి ముఖ గుర్తింపుతోనే పనయింది. వెంట వెళ్లేవారు ఈ మాట గుర్తుంచుకుని, నిర్వాహకులను నెమ్మదిగా అడగాలి.

ఆస్పత్రిలో చేరవలసి వచ్చినప్పుడు, అది పథకం జాబితాలో ఉన్న ఆస్పత్రేనని ముందుగా నిర్ధారించుకోవాలి. అక్కడి కౌంటర్‌లో ఆరోగ్యమిత్ర ఉంటారు. ఆరోగ్యశ్రీ నాటి నుంచి మనకు అలవాటైన పేరే అది. కార్డు, ఆధార్ చూపిస్తే వారు వివరాలు ధ్రువీకరించి, అవసరమైన చికిత్సలకు ముందస్తు అనుమతి కోరతారు. చక్కెర వ్యాధి, గుండె జబ్బు వంటి పాత అనారోగ్యాలకు సైతం మొదటి రోజు నుంచే రక్షణ వర్తిస్తుంది. చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి తరువాత 15 రోజుల వరకు పరీక్షలు, మందుల ఖర్చు కూడా ప్యాకేజీలో భాగమే. చాలామందికి ఈ సంగతి తెలియక బయట మందులు కొనుక్కుంటారు. డిశ్చార్జి నాడు ఆ మందులు అడిగి తీసుకోవాలి. ప్యాకేజీలో ఉన్న చికిత్సకు డబ్బు కట్టమంటే రసీదు అడిగి దాచుకుని, 14555 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి.