ఎండాకాలంలోనూ కూరలు కాయాలంటే: మొక్కలో కనిపించేది, అసలు కారణం, చేయాల్సింది

సంక్రాంతికి విరగకాసిన టమాటా ఉగాదికల్లా చేతులెత్తేస్తుంది. మన దగ్గర కూరగాయల కాలాన్ని పొడిగించడమంటే ఎక్కువగా ఎండతో పోరాటమే. మిద్దె మీద కుండీలైనా, పది సెంట్ల పెరడైనా తేడా తక్కువ.

పూత బోలెడు, పిందె లేదు (టమాటా, మిరప)

పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25కి దిగకపోతే పుప్పొడి పనిచేయదు. పూత కాడతో సహా రాలిపోతుంది. అది చూసి యూరియా వేస్తే ఆకు పెరుగుతుంది, పిందె మాత్రం రాదు. షేడ్ నెట్ (నీడనిచ్చే వల) కట్టండి. పొద్దున్నే పూగుత్తుల్ని వేలితో మెల్లగా తట్టండి, ఉన్న కాస్త పుప్పొడైనా రాలుతుంది. మే నెల వడగాడ్పుల్లో ఇదీ సాగదు. అప్పుడు మొక్కను బతికించుకుంటే చాలు, తొలకరికి మళ్ళీ చిగురిస్తుంది.

నెట్ కట్టాక మొక్క సాగిపోయింది, పూతే లేదు

నీడ ఎక్కువైంది. నెట్ మీద 75, 90 అని రాసేది అది ఆపే వెలుతురు శాతం. టమాటా, మిరప, వంగకు 35 నుంచి 50 చాలు, ఆకుకూరలకు 50. మొదటి ఏడాది నేను 90 శాతం నెట్ కట్టి, వంగ ఎందుకు పూయట్లేదా అని రెండు నెలలు విత్తనాన్ని తిట్టుకున్నాను. ఇంకో మాట: నెట్ ఆకులకు తగలకూడదు, కనీసం ఏడడుగుల ఎత్తున ఉండాలి, పక్కల గాలి ఆడాలి. నాలుగువైపులా మూసేస్తే లోపల ఉక్కపోతే. పడమటి వైపు మాత్రం ఓ పరదా వేలాడదీయండి, సాయంత్రం ఎండే అసలు శత్రువు.

మధ్యాహ్నం వడలిపోతుంది, మట్టి తడిగానే ఉంది

నీళ్ళు పోయకండి! వేరు తాగేదానికంటే ఆకు వదిలేది ఎక్కువైంది, అంతే. సాయంత్రానికి తేరుకుంటే భయం లేదు. తేరుకోకపోతే వేరు కుళ్ళో, వేడెక్కిన కుండీయో చూడాలి. నల్ల గ్రో బ్యాగులకు (మొక్కలు పెంచే సంచులకు) గోనెపట్టా చుట్టండి, స్లాబ్‌కు ఆనకుండా ఇటుకల మీద పెట్టండి. మట్టిపై రెండు మూడు అంగుళాల మందాన ఎండుగడ్డి పరవండి. పైపులో మరిగిన నీళ్ళు ముందు బకెట్లోకి వదిలేయండి.

కాయ అడుగు నల్లబడి గుంటపడింది

ఒకరోజు ఎండగట్టి, మర్నాడు ముంచేస్తే కాయకు కాల్షియం అందదు. సున్నం వేయడం కంటే ముందు తడిని ఒకే తీరుగా ఉంచండి.

ఆకు పాలిపోయి చుక్కలు, అడుగున సన్నని బూజు

బూజులా కనిపించేది ఎర్రనల్లి అల్లిన గూడు. పొడివేడి దానికి పండగ. ఆకు అడుగుకు తగిలేలా నీళ్ళు జోరుగా కొట్టండి. తగ్గకపోతే లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. గంధకం మంచిదే గానీ ముదురు ఎండల్లో ఆకు మాడ్చేస్తుంది.

కొత్తిమీర నాలుగాకులకే పూతకొచ్చింది

వేడికి అంతే, నీడ కట్టినా కొద్దిరోజులే ఆగుతుంది. ఆ మడిలో తోటకూర, బచ్చలి, గోంగూర, గంగవాయిలు వేయండి. ఎండను లెక్కచేయవు.

బీరకు అన్నీ మగపూలే

వేడి, పొడుగు పగళ్ళ వల్ల మగపూలు పెరుగుతాయి. ఆడపూలు వచ్చాక పిందె మాడిపోతుంటే పుప్పొడి మోసే పురుగుల కొరత. బీర, సొర సాయంత్రం పూస్తాయి కాబట్టి, దీపాలు పెట్టే వేళ మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దండి.