పూసకో శ్వాస

రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసేది. అప్పు వాయిదాలు, ఆఫీసు మాటలు బుర్రలో గిర్రున తిరిగేవి. కళ్ళు మూసుకుని కూర్చుంటే ఆలోచనలు ఇంకా ముసురుకునేవి.

బీరువాలోంచి అమ్మమ్మ తులసి జపమాల తీశాను. 108 పూసలు, పైన మాల కొసలు కలిసేచోట మేరుపూస. చూపుడువేలు తగలకుండా మధ్యవేలి మీద మాల ఉంచి, బొటనవేలితో ఒక్కో పూస లాగాలి. మేరువు దాటకూడదు, అక్కడ మాల వెనక్కి తిప్పాలి. మొదట్లో గబగబా లెక్క పూర్తిచేసేదాన్ని, అందుకే ఏమీ కుదరలేదు. ఇప్పుడు పూసకో శ్వాస: పీలుస్తూ ‘శ్రీ’, నెమ్మదిగా వదులుతూ ‘రామ’. నిమిషానికి ఆరు శ్వాసలైతే మాలకి 18 నిమిషాలు. వదిలే ఊపిరి పొడుగయ్యేకొద్దీ గుండె దడ తగ్గుతుంది. అరిగి నున్నబడ్డ పూసలు వేలికి తగులుతుంటే అమ్మమ్మ పక్కనే కూర్చున్నట్టు ఉంటుంది.

కొన్ని రాత్రులు ఇంకా మెలకువ వస్తుంది. గూట్లోని మాల అందుకుంటాను.