టెస్టర్ పెట్టే ముందు

స్విచ్‌బోర్డు విప్పే పనుందా? ముందు టెస్టర్‌ను తిప్పి చూడండి. పిడి పగిలినా, లోపల తడి చేరినా పారేయండి.

- చేతులు పొడిగా, కాళ్లకు చెప్పులు.
- కరెంటు ఉందని తెలిసిన సాకెట్‌లో ముందు పెట్టండి. కుడి రంధ్రంలో వెలగాలి. తర్వాతే అనుమానం ఉన్న చోట. ఆపైన మళ్లీ మొదటి సాకెట్‌లో. విసుగే, కానీ టెస్టర్ మధ్యలో చచ్చిపోయిందేమో తెలిసేది అలాగే.
- వేలు వెనక టోపీ మీదే. ముందున్న కడ్డీకి తగిలితే 230 వోల్టులు నేరుగా మీకే.
- వెలగలేదంటే కరెంటు లేదని కాదు. చెక్క స్టూలు మీద నిలబడితే వెలుగు మసకబారుతుంది. ఎండలో అసలు కనబడదు, అరచేయి అడ్డం పెట్టి చూడండి.
- రెండు రంధ్రాల్లోనూ వెలిగిందా? న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగి ఉండొచ్చు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.
- మెయిన్ దించినా ఇన్వర్టర్ నడుస్తూనే ఉంటుంది. మా ఇంట్లో నేను మర్చిపోయింది అదే.